సంకల్పంలో పలికే దేశం





ఏ వైదిక కర్మను ఆరంభించినా ఆచమన ప్రాణాయామాల అనంతరం మనం సంకల్పం చెప్పుకొంటాం. కర్త తన గోత్రనామాలను పలుకక పూర్వమే తాను నిలిచిన దేశకాలాలను స్మరిస్తాడు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం అని ప్రారంభించి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో, ఏ రెండు నదుల నడుమ ఉన్నాడో చెప్పి, ఆపైన సంవత్సర అయన ఋతు మాస పక్ష తిథి వారాలను చెప్పి, చిట్టచివరకు తన పేరు చెప్పుకొంటాడు. ముందు దేశం, పిమ్మట వ్యక్తి. ముప్పది సంవత్సరాలకు పైగా ప్రతిదినం ఈ పదాలను ఉచ్చరిస్తున్న అర్చకుడను నేను. అయినను వాటి భారం ఎంతటిదో నాకు తెలిసివచ్చినది ఆలయంలో కాదు, ఒక పాఠశాల మైదానంలో.

గడచిన జూలై 26న, కార్గిల్ విజయ దివసం నాడు, మా ప్రాంతంలోని మాజీ సైనికులు విద్యార్థుల కొరకు ఒక కార్యక్రమం నిర్వహించి, ఆశీర్వచనం చేయుమని నన్ను పిలిచినారు. వెళ్ళడానికి కొంత సంకోచించిన మాట వాస్తవం. ఇట్టి సభలలో నినాదాల ఘోష అధికంగా, ఆలోచన అల్పంగా ఉంటుందని నా అభిప్రాయం. ఆనాడూ ఆరంభంలో నినాదాలే వినబడినవి. తరువాత ఒక విశ్రాంత హవల్దారు గారు లేచి పిల్లలను నిశ్శబ్దంగా నిలుచోమన్నారు. జాతీయ పతాకాన్ని ఎట్లా మడవాలో, మడిచినదానిని ఏ విధంగా రెండు అరచేతులపై మోయాలో చూపినారు. ఆ పిమ్మట ఒకే ప్రశ్న అడిగినారు. "మీ ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఎవరెవరున్నారో చెప్పండి." రెండువందల మందికి పైగా ఉన్న ఆ పిల్లలలో చేతులెత్తినవారు పదిమంది కూడా లేరు. "వచ్చే నెలలోగా ఒక్కొక్కరు వెళ్ళి, వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పినది రాసుకుని రండి. అదే ఈరోజు మీకు పని" అని ఆయన కూర్చున్నారు. ఆ కార్యక్రమం మొత్తంలో నాకు మంత్రతుల్యంగా తోచినది ఆ మాటయే.

సభానంతరం ఇంటర్మీడియట్ చదివే ఇద్దరు బాలురు నా దగ్గరకు వచ్చినారు. "స్వామీ, సైన్యంలో చేరి శత్రువును చంపితే పాపం రాదా?" అని ఒకడు అడిగినాడు. రెండవవాడు కొంత బిడియంతో, "స్వామీ, ఇంట్లో ఇబ్బందులున్నాయి, జీతం కోసం చేరదామనుకుంటున్నాను. దాన్ని దేశభక్తి అనవచ్చునా?" అన్నాడు. మొదటి ప్రశ్నకు శాస్త్రాన్ని ఆశ్రయించి సమాధానం చెప్పగలిగినాను. రెండవదానికి ఆ క్షణంలో నా వద్ద తగిన సమాధానం లేకపోయినది. ఈ వ్యాసం ఆ రెండవ బాలునికి నేను బాకీపడిన ఉత్తరం.

మొదటి ప్రశ్నను ముందుగా చూద్దాం. మన ధర్మశాస్త్రం యుద్ధాన్ని నిషేధింపలేదు, కాని దానికి కఠినమైన హద్దులు గీసినది. ఆయుధం విడిచినవానిని, శరణు కోరినవానిని, నిద్రించువానిని కొట్టరాదని మనువు రాజధర్మ ప్రకరణంలో విధించినాడు. హతమార్చే అధికారం కన్నా ఆగగలిగిన నిగ్రహమే క్షత్రియ లక్షణంగా చెప్పబడినది. ఇది గ్రంథాలకే పరిమితమైన ఆదర్శం కాదు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయినప్పుడు సుమారు 93 వేలమంది బందీలుగా భారతదేశం చేతికి వచ్చినారు. వారిని పోషించి, తరువాతి సంవత్సరాలలో స్వదేశానికి పంపివేసినాము. ఆ యుద్ధంలో గూర్ఖా దళానికి నాయకత్వం వహించి మహావీర చక్ర పురస్కారం పొందిన మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ గారు మన తిరుపతి వాస్తవ్యులే. ఆ విజయానికి 50 వత్సరాలైన సందర్భంలో, 2021 ఫిబ్రవరిలో, స్వర్ణిమ విజయజ్యోతి తిరుపతికి వచ్చినది. రాష్ట్ర ముఖ్యమంత్రి ఆయన గృహానికి వెళ్ళి సత్కరించినారు. మహావీర చక్ర ధారి ఒకరు మన వీథులలోనే నివసించినారన్న సంగతి ఆనాటికి గాని మనలో అనేకులకు తెలియలేదు. హవల్దారు గారి ప్రశ్న పిల్లలకే కాదు, మనకూ వర్తిస్తుంది.

ఇక రెండవ ప్రశ్న. జీతం కొరకు చేరినవానిది దేశభక్తియేనా?

దీనికి సమాధానం చెప్పడానికి అర్చకుడే తగినవాడని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది. ఏలయన నేనూ సంభావన పుచ్చుకొనే స్వామిని సేవిస్తున్నాను. నా కుటుంబం ఆ సంభావనపైననే బ్రతికినది. అంతమాత్రాన తెల్లవారుజామున నేను చేసే అభిషేకం అబద్ధమగునా? కాదు. జీవిక వేరు, నిష్ఠ వేరు; రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చును. నిష్కామకర్మ అంటే వేతనం లేని పని అని అర్థం కాదు. చేయవలసిన పనికి, పుచ్చుకొన్న ద్రవ్యానికి ఏమాత్రం పొత్తు కుదరని ఘడియ ఒకటి వస్తుంది. కార్గిల్ కొండలపైకి ఎక్కిన యువకునికి ఆ రాత్రి ఏ జీతమూ సరిపోదు. అప్పుడు కూడా పని విడువకపోవడమే నిష్ఠ. ఇంటి అప్పు తీర్చడానికి చేరిన బిడ్డకు సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పితృఋణం తీర్చుకొనడం కూడా ధర్మమే.

ఋణమనే మాట వచ్చినది కనుక ఒక విషయం మనవి చేస్తాను. దేవ ఋషి పితృ ఋణాలనే మూడింటిని తైత్తిరీయ సంహిత చెప్పినది. అందరికీ తెలిసినవి ఇవే. శతపథ బ్రాహ్మణం నాలుగవదానిని కూడా చెప్పినది, అది మనుష్య ఋణం. తోటి మనుష్యుల వలన మనం బ్రతుకుతున్నాము గనుక వారికి తీర్చవలసిన అప్పు. సీమలో కాపలా ఉన్నవాని వలన ఇక్కడ సుప్రభాతం నిర్విఘ్నంగా సాగుతున్నది. ఆ అప్పును మనం నినాదంతో తీర్చలేము.

సైనికుడు శిక్షణ ముగించి దళంలో ప్రవేశించే దినాన ప్రమాణం చేస్తాడు. ఆ కవాతులో జాతీయ పతాకం ఎదుట, తమ తమ మతగ్రంథాల సాక్షిగా, ధర్మగురువులు వారిచేత ఆ ప్రమాణం చేయిస్తారు. మన చిత్తూరు సీమవారికి ప్రమాణమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. కాణిపాక వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధం చెప్పడానికి కరడుగట్టినవాడు కూడా జంకుతాడు. "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్న ఒక్క ప్రశ్నతో ఎన్నో గ్రామ వివాదాలు చల్లారడం మనకు ఎరుకే. సైనికుని ప్రమాణానికి, ఆ ప్రమాణానికి మూలం ఒకటే: పలికిన మాటకు ప్రాణాన్ని పూచీగా పెట్టడం. నాయనా, నీవు ఏ కారణంతో చేరినావన్నది కాదు, చేరిన పిమ్మట పలికిన ప్రమాణాన్ని ఎట్లా నిలుపుకొన్నావన్నదే నీ దేశభక్తికి కొలత. ఇదే ఆనాడు నేను చెప్పలేకపోయిన ఉత్తరం.

ఇక్కడ కొందరు సాధకులు ఒక ఆక్షేపం చేస్తారు. ఆత్మకు దేశం లేదు గదా, దేశాభిమానం కూడా దేహాభిమానం వంటి బంధమే గదా అని. యౌవనంలో నేనూ ఇట్లే వాదించేవాడను. కాని సర్వవ్యాపి అయిన స్వామిని ఒక అర్చామూర్తిలో ఆవాహన చేసి, ఆ మూర్తికి స్నానం, నైవేద్యం, శయనం సమర్పిస్తున్నాం. అది సర్వవ్యాపకత్వాన్ని నిరాకరించడం కాదు, మన సేవకు ఒక స్థానాన్ని చూపించుకోవడం. భూమి యావత్తు తల్లియే. అథర్వవేదంలోని భూమిసూక్తం ఆ తల్లి అనేక భాషలవారిని, అనేక ధర్మాలవారిని ఒకే ఇంటివారివలె భరిస్తున్నదని కీర్తించినది. కాని సేవ మొదలయ్యేది మనం నిలబడిన నేలపైననే. కనుకనే సంకల్పం ఒక దేశం పేరు చెప్పిస్తుంది. ఆ పేరు చెప్పడం "ఇది నాది" అని హక్కు చాటుకోవడానికి కాదు, "ఇక్కడ చేయవలసిన పని నాది" అని ఒప్పుకోవడానికి.

ఈ దృష్టితో చూచినప్పుడు, మాజీ సైనికులు యువతకు నడిపే కార్యక్రమాలను మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే, కొన్ని విషయాలను వినయంగా విన్నవించదలచినాను.

మొదటిది, అవి సంవత్సరానికి రెండు పండుగలుగా ముగియరాదు. అభ్యాసం లేని భక్తి ఆవేశమై ఆరిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీథులు నదులైనాయి. అదే సమయంలో రాజంపేట వద్ద అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేటి తీరం అతలాకుతలమైనది. అట్టివేళ ప్రథమచికిత్స, త్రాడుతో మనిషిని గట్టుకు చేర్చే విధానం, గుంపును క్రమంలో నడిపే నేర్పు తెలిసిన పదిమంది యువకులు ఒక్కొక్క ఊరిలో ఉంటే ఎంత మేలు! ఆ విద్యలన్నీ మాజీ సైనికుల చేతులలో ఉన్నాయి. వాటిని నేర్పితే అదే దేశభక్తి పాఠం.

రెండవది, యువతకు సత్యం చెప్పాలి. 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ విధానంలో చేరినవారికి నాలుగు సంవత్సరాల సేవ. పిమ్మట వారిలో 25 శాతం వరకే స్థిర సేవలోకి తీసుకొనబడతారు. తక్కినవారు ఇరువది దాటిన చిన్న ప్రాయంలోనే ఇల్లు చేరుతారు. చేర్పించేటప్పుడు పూలదండ వేసినవారే, తిరిగివచ్చినప్పుడు చేయిపట్టి దారి చూపాలి. పరుగుపందెంలో ఓడి ఎంపిక కానివానికి కూడా దేశసేవకు వేరు ద్వారాలున్నాయని ఆ సభలోనే చెప్పాలి. నిరాశతో నా ఆలయ మండపంలో తలవంచుకు కూర్చున్న అట్టి బిడ్డలను నేను చూచినాను.

మూడవది, ద్వేషాన్ని దేశభక్తికి పర్యాయపదంగా నేర్పరాదు. ఈ విషయంలో సైన్యమే మనకు గురువు. అనేక దళాలలో సర్వధర్మ స్థలమనే పేరున ఒకే కప్పు క్రింద అన్ని మతాల ఆరాధన జరుగుతుంది. సైన్యంలోని పండితులు, గ్రంథీలు, మౌల్వీలు, పాద్రీలు పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో కలిసి శిక్షణ పొందుతారు. సంస్కృత విద్య అభ్యసించిన మన విద్యార్థులకు కూడా ధర్మగురువుగా సైన్యంలో ప్రవేశించే మార్గం ఉన్నది. కందకంలో పక్కవాని కులమతాలను ఎంచనివారు, ఆ సంస్కారాన్నే ఊరిలోని పిల్లలకు అందించాలి.

ఇతరులకు చెప్పినంత మాత్రాన నా బాధ్యత తీరదు. ఆలయాలవారమైన మనం ఏమి చేస్తున్నాం? మన పూర్వులు పశువుల కొరకు, ఊరి కొరకు పోరాడి ఒరిగినవారికి వీరగల్లులు నిలిపి, వాటికి పూజలు చేసినారు. వైదుంబుల, బాణుల కాలం నాటి అట్టి శిలలు మదనపల్లె పరిసరాలలోను, చిత్తూరు సీమలోను లభించినాయి. పాత వీరగల్లును గుర్తించి శుభ్రపరచడం, ఆ ఊరి నేటి సైనికుని కథను దాని పక్కన కూర్చుని వినడం యువతకు ఎంత చక్కని కార్యక్రమం!

2021 డిసెంబరు 8న కూనూరు సమీపంలో జనరల్ బిపిన్ రావత్ గారితోపాటు హెలికాప్టర్ ప్రమాదంలో అమరుడైన లాన్స్ నాయక్ సాయితేజ, కురబలకోట మండలం ఎగువరేగడ గ్రామ బిడ్డ. ఆయన అంతిమయాత్రకు జనసందోహం తరలివచ్చినది. ఆ ప్రమాదానికి ముందుదినం డిసెంబరు 7. 1949 నుండి ఆ దినాన్ని సాయుధ దళాల పతాక దినంగా పాటిస్తున్నాం. ఆనాడు సేకరించే ద్రవ్యం మాజీ సైనికుల, అమరవీరుల కుటుంబాల సంక్షేమానికి వినియోగింపబడుతుంది. హుండీలో వేలు సమర్పించే మనలో ఎందరం ఆ చిన్న పతాకాన్ని కొని ఎదపై ధరించినాం? నేనూ ఎన్నో ఏండ్లు దానిని గమనింపలేదని ఒప్పుకొంటున్నాను.

మా ఆలయంలో ఈ సంవత్సరం నుండి డిసెంబరు 7న, మా పరిసర గ్రామాల సైనిక కుటుంబాల క్షేమానికై వారి గోత్రనామాలతో అర్చన చేయాలని నిశ్చయించుకొన్నాను. గోత్రం తెలియనివారికి, అన్యమతస్థులకు పేరు మాత్రమే చెప్పి ప్రార్థిస్తాను. స్వామికి అది చాలును. ఆ పేర్లను సేకరించే పనిని ఆ ఇద్దరు బాలురకే అప్పగించినాను. మొదటి పర్యాయం పదునాలుగు పేర్లు తెచ్చినారు. వాటిలో నాలుగు కుటుంబాలవారు నిత్యం మా ఆలయానికి వచ్చేవారే. తీర్థం ఇస్తూ ఇన్నేండ్లు చూచిన ఆ ముఖాల వెనుక ఏమున్నదో నేను ఒక్కనాడైనా అడుగలేదు.

ఆస్తికులారా, రేపు ప్రాతఃకాలంలో సంకల్పం చెప్పుకొనేటప్పుడు భరతఖండం అనే పదం వద్ద ఒక్క క్షణం ఆగండి. ఆ పదాన్ని నిర్భయంగా పలుకగలుగుతున్నది ఎవరి జాగరణ వలననో తలచుకొని, మీ ఊరిలో ఉన్న ఆ వ్యక్తి ఇంటికి ఈ వారంలో ఒకసారి వెళ్ళిరండి. వెంట మీ పిల్లలను కూడా తీసుకొనిపొండి.

స్వస్తి.