సూదికి ముందు ఒక చుక్క రక్తం

మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా నెల్లూరు తీరంలోని పట్టపుపాళేల్లో వలల పక్కన పడుకున్న కుక్కల చెవుల్లో గోమార్లు గుత్తులుగా పట్టుకుని ఉండడం ఎవరికీ వింత కాదు. అలాంటి కుక్క కొన్నాళ్లకు తిండి మానేస్తుంది. డొక్కలు తేలతాయి, చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి, ఒకరోజు ముక్కులోంచి నెత్తురు కారుతుంది. ఆస్పత్రికి తీసుకెళితే జ్వరానికో సూది, బలానికో సూది వేసి, గోమార్ల జ్వరమని డాక్సీసైక్లిన్ మాత్రలు రాసి పంపే అలవాటు మనకు ఉంది. ఈ అలవాటు మానాలి. పైకి కనిపించే లక్షణాలను బట్టి కుక్క జబ్బుకు పేరు పెట్టడం చీకట్లో రాయి విసరడమే.

లీష్మానియాసిస్ సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. మధ్యధరా తీర దేశాల్లో, బ్రెజిల్‌లో కుక్కలను పీడించే ఈ జబ్బు ఇసుక ఈగ కాటుతో వస్తుంది. కుక్క చిక్కిపోతుంది, కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలి చర్మం పొట్టు లేస్తుంది, గోళ్లు వంకర తిరిగి పెరుగుతాయి, శోషరస గ్రంథులు ఉబ్బుతాయి. రక్తపరీక్షలో రక్తహీనత, గ్లోబ్యులిన్ పెరిగి ఆల్బుమిన్ తగ్గడం, కొన్నిటిలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం కనిపిస్తాయి. గోళ్లు, చర్మం సంగతి పక్కన పెడితే ఇందులో చాలా భాగం గోమార్ల వల్ల వచ్చే ఎర్లీషియా ముదిరినప్పుడూ కనిపించేదే. ముక్కు నుంచి నెత్తురు కారడం రెండింట్లోనూ ఉంది. తేడా తేలాలంటే గ్రంథిలోంచో ఎముక మజ్జలోంచో తీసిన నీటిని మైక్రోస్కోపు కింద చూడడం లాంటి పరీక్ష కావాలి. మన దేశంలో కాలా అజార్ ప్రధానంగా బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో మనిషి నుంచి మనిషికి సోకే జబ్బు. కుక్కలకు అందులో పెద్ద పాత్ర లేదు. అందుకే మన తీరంలో ముందు అనుమానించాల్సింది ఎర్లీషియాను, గోమార్ల వల్లే వచ్చే బెబీసియాను. అయితే ఆ అనుమానాన్నీ రక్తమే తేల్చాలి.

మైక్రోస్కోపు కింద చూసి జబ్బు తేల్చడం మనకు కొత్తదేమీ కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1903లో చార్లెస్ డోనవాన్ మద్రాసులో మనుషుల ప్లీహంలో కాలా అజార్ పరాన్నజీవిని చూశాడు. 1910లో పాటన్ మద్రాసు వేట కుక్కల రక్తంలో, ఆ తర్వాత నక్కల రక్తంలో కొత్త పరాన్నజీవిని గుర్తించి వర్ణించాడు. నేటి బెబీసియా గిబ్సోనై అదే. ఎర్ర రక్తకణంలో చిన్న ఉంగరంలా కనిపించే ఆ జీవిని పట్టుకోవడానికి వాళ్లకు మైక్రోస్కోపు, రంగు, ఓపిక సరిపోయాయి.

డాక్సీసైక్లిన్ చవక, చాలా కుక్కలు దానితోనే లేచి తిరుగుతున్నాయి, ఇక పరీక్ష ఎందుకని అడిగేవారున్నారు. ఎర్లీషియాకు అది సరైన మందే. నాలుగు వారాలు వాడాలి. కానీ బెబీసియా గిబ్సోనైని అది నయం చేయదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇవ్వాల్సి వస్తుంది. రెండు జబ్బులూ ఒకే గోమారి వల్ల రాకపోయినా, గోమార్లు మెండుగా ఉన్నచోట ఒకే కుక్కలో రెండూ ఉండొచ్చు. అప్పుడు సగం వైద్యంతో వారం రోజులు కుదుటపడ్డ కుక్క మళ్లీ కూలబడుతుంది. దురదకని స్టెరాయిడ్ కూడా వేస్తే లోపల దాగిన జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. స్లైడులో అన్నీ కనపడవన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం, దాన్ని ఒప్పుకోవాలి. ఎర్లీషియా తెల్లకణంలో మల్బరీ పండులా కనిపించేది జబ్బు మొదట్లో, అదీ అరుదుగా. అయినా చెవి అంచు నుంచి తీసిన చుక్కను పలచగా పరిచి జీమ్సా రంగు వేస్తే బెబీసియా దొరికే అవకాశం పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గాయో లేదో అదే స్లైడు చెబుతుంది. తేలని కేసుల నమూనాలను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి పంపవచ్చు.

మనుషుల ఆస్పత్రుల్లోనే పరీక్షలకు దిక్కు లేనప్పుడు వీధికుక్కకు ల్యాబు కావాలా అనే మాటలో బాధ ఉంది, న్యాయం కూడా ఉంది. అందుకే కొత్త భవనాలు అడగడం లేదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పురపాలక, పంచాయతీ సంస్థలు వీధికుక్కలను పట్టి ఆపరేషన్ చేయించాలి. ప్లేట్‌లెట్లు పడిపోయిన ఆడకుక్క పొట్ట కోస్తే నెత్తురు ఆగకుండా బల్లమీదే పోయే ప్రమాదం ఉంది కాబట్టి, అక్కడ రక్తం చూడడం ఎలాగూ అవసరం. కుక్కను పట్టే ఖర్చు అప్పటికే అయిపోయింది, కలిసేది గాజుపలక, కొంచెం రంగు, కాసేపటి పని. చూసిన ప్రతి కుక్కకూ ఊరు, నెల, గోమార్లు ఉన్నాయా, స్లైడులో ఏం కనిపించింది అన్నది రిజిస్టర్‌లో రాసి పెడితే, వచ్చే వానాకాలానికి ఏ మందు ఎంత తెప్పించాలో కావలి, ముత్తుకూరు డాక్టర్లు ముందే లెక్క వేసుకోగలరు.