రసాయనశాఖయు స్వదేశీయుల దానమును

ప్రయోగశాలలు ప్రభుత్వధనమువలననే వెలయునని తలంచువారు కలకత్తా విశ్వవిద్యాలయ రసాయనశాఖ చరిత్రమును గమనింపవలసియున్నది.

ప్రఫుల్లచంద్ర రాయ్‌గారు ఎడింబరోలో డాక్టరు పట్టము నొంది వచ్చినను, విద్యాశాఖలోని పైతరగతి యుద్యోగములు ఆంగ్లేయులకే దక్కుచుండుటచే, 1889లో ప్రెసిడెన్సీ కళాశాలయందు నెలకు 250 రూపాయల కొలువున చేరవలసివచ్చెను. నాడు పాండిత్యముకంటె జన్మమే ప్రధానము.

ఈ యవమానమునకు ఇరువురు న్యాయవాదులు ప్రత్యుత్తరమిచ్చిరి. 1912లో తారకనాథ పాలిత్‌గారు విశ్వవిద్యాలయమునకు తమ యాస్తిని సమర్పించుచు, తమ పేరిటి పీఠములయందు భారతీయులే ఆచార్యులు కావలెనని నియమము విధించిరి. మరుసటియేట రాసవిహారి ఘోష్‌గారు 10 లక్షల రూపాయ లొసంగిరి. 1914లో అశుతోష ముఖర్జీగారి పూనికచే విజ్ఞానకళాశాలకు శంకుస్థాపన జరిగెను. 1916లో రాయ్‌గారు పాలిత్ రసాయనాచార్యులుగ నందు ప్రవేశించిరి. అఱువదియేండ్లు నిండిన 1921 మొదలు 1936లో విరమించువఱకు జీతమునంతయు శాఖాభివృద్ధికే విడిచి, ఆ కళాశాలలోనే యొక గదిలో నివసించిరి.

విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలకు ఏటేట లక్షరూపాయ లొసంగిన జయపుర సంస్థానాధీశులు విక్రమదేవవర్మగారును ఈ మార్గమునే త్రొక్కిరి.

వివాహములకు లక్షలు వెచ్చించు మన శ్రీమంతులు అందొక పాలు తమయూరి కళాశాల ప్రయోగశాల కొసంగరాదా? ఒసంగునప్పుడు పాలిత్‌గారివలె నియమమును గూడ వ్రాయవలెనని మా విన్నపము. స్వతంత్రభారతమున వారి నియమ మక్కఱలేదు. యోగ్యతయే నియామకమునకు ప్రమాణము కావలెనని వ్రాసిన చాలును. కులము, సిఫారసు, బంధుత్వము చూచి ఆచార్యుల నెన్నుకొన్నచో, నాటి దొరలు చేసిన తప్పునే మనమును చేసినవారమగుదుము.