కంప్యూటరు చెప్పిందంటే తప్పు కాదా?

పిల్లలూ! "కంప్యూటరే చెప్పింది, ఇంక తప్పెలా అవుతుంది?" అనే మాట పెద్దల నోట కూడా వింటున్నాను. ఈ మాటను నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, వినండి.

ఒక ఉపకార వేతనానికి నియమం ఇలా ఉందనుకుందాం: విద్యార్థి ప్రభుత్వ బడిలో గాని, ఎయిడెడ్ బడిలో గాని చదువుతుండాలి, ఇంటి ఆదాయం కూడా తక్కువగా ఉండాలి. దరఖాస్తు వెబ్‌సైటులో పెడతాం. అర్హత తేల్చేది ఎక్కడో ఉన్న సర్వర్ అనే కంప్యూటరు. దానికి ఆజ్ఞలిచ్చే భాషల్లో పి.హెచ్.పి. ఒకటి. రాస్మస్ లెర్‌డార్ఫ్ దీన్ని 1995లో విడుదల చేశాడు.

షరతులను కలపడానికి ఈ భాషలో కొన్ని గుర్తులున్నాయి. && అంటే రెండూ నిజం కావాలి. || అంటే ఏ ఒక్కటి నిజమైనా చాలు. ! అంటే 'కాదు'. తర్కాన్ని ఇలా బీజగణితంలాగా రాయవచ్చునని జార్జి బూల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1854లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు.

ఇప్పుడు మన నియమాన్ని ఇలా రాద్దాం:

ప్రభుత్వ బడి || ఎయిడెడ్ బడి && తక్కువ ఆదాయం

బాగానే ఉన్నట్టుంది కదూ? కాని 2 + 3 × 4 లో మీరు ముందు ఏం చేస్తారు? గుణకారం! అలాగే ఇక్కడ && పని ముందు, || పని తరువాత. కాబట్టి ఆదాయం షరతు ఎయిడెడ్ బడి పిల్లలకే వర్తిస్తుంది. ప్రభుత్వ బడిలో చదివే ధనవంతుల బిడ్డకూ అర్హత వచ్చేస్తుంది. ఆ మేరకు ఒక పేదపిల్ల చోటు పోతుంది. సరిగా రాస్తే ఇలా ఉండాలి:

(ప్రభుత్వ బడి || ఎయిడెడ్ బడి) && తక్కువ ఆదాయం

చూశారా, ఒక జత బ్రాకెట్ల విలువ!

పి.హెచ్.పి.లో ఇంకో చిక్కుంది. && బదులు 'అండ్' అనే ఇంగ్లీషు మాటనే రాయవచ్చు. అర్థం ఒకటే, వరుస వేరు. 'అర్హత = నిజం అండ్ అబద్ధం' అని రాస్తే, అర్హత అనే పెట్టెలో 'అబద్ధం' చేరాలని మనం అనుకుంటాం. కాని అక్కడ '=' గుర్తు 'అండ్' కంటే ముందే పనిచేస్తుంది. 'నిజం' పెట్టెలో పడిపోతుంది! అదే && వాడితే 'అబద్ధం' చేరుతుంది.

ఈ రెండు పొరపాట్లకూ కంప్యూటరు అభ్యంతరం చెప్పదు. రాసినట్టే చేస్తుంది, అంతే. తప్పు మనది, నష్టం మాత్రం ముక్కూమొహం తెలియని ఎవరికో.

అందుచేత నా అభిప్రాయం ఇది. గుర్తులు బట్టీపట్టించడం కంటే పరీక్షించి చూడడం ముందు నేర్పాలి. "మా బడిలో కంప్యూటరు లేదు మాస్టారూ!" అంటారా? కాగితం, పెన్సిలు చాలు. మన నియమంలో మూడు షరతులున్నాయి. ఒక్కొక్కటి నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు. కనుక 2 × 2 × 2 = 8 వరుసల పట్టిక గీయండి. పైన బ్రాకెట్లు లేకుండా, ఉంచి రాసిన రెండింటికీ జవాబులు వేయండి. రెండు వరుసల్లో తేడా వస్తుంది. ఆ రెండింటిలో ఒకటి నిజ జీవితంలో జరగనే జరగదు. అది ఏదో, ఎందుకో మీరే కనిపెట్టండి.

ఇకమీదట ఎవరైనా "కంప్యూటరే చెప్పింది" అంటే, "దానికి ఎవరు, ఏమని చెప్పారు?" అని అడగండి.