పెద్దలకు ‘తేలికపాటి’ అల్పాహారం ఎవరి మేలు కోసం?

“వయసు మళ్లింది, ఉదయం పూట తేలికగా ఏదైనా తింటే చాలు.” మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో తరచుగా వినబడే మాట ఇది. ఆ ‘ఏదైనా’ ఏమిటని విచారిస్తే ఒక గ్లాసు టీ, రెండు బిస్కట్లు. కాకపోతే రెండు ఇడ్లీలు. ప్రభుత్వ వైద్యుడిగా దశాబ్దాలు పనిచేసి, స్వయంగా డెబ్బయ్యవ పడిలో ఉన్న నేను ఈ మాటను ఖండిస్తున్నాను. ప్రేమతో అన్నప్పటికీ, పెద్దల కాళ్లలోని సత్తువను హరించే మాట ఇది.

“కూర్చుంటే లేవలేకపోతున్నాను” అనే పెద్దలకు మన పశ్చిమ ప్రకాశంలో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఫ్లోరైడ్ నీళ్లు. ఆ పీడ నిజమే. ఫ్లోరైడ్ ఎముకలను, కీళ్లను, వెన్నును బిగదీస్తుంది. సురక్షిత జలం కోసం ప్రజలు కోరే కోరిక న్యాయమైనది. అయితే ప్రతి నీరసాన్నీ నీటి ఖాతాలో వేయడం వలన మరొక కారణం మరుగున పడుతోంది. అదే కండర క్షీణత. దీనికి ‘సార్కోపీనియా’ అనే పేరును 1989లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ ప్రతిపాదించారు. నడివయసు నుంచే కండరం మెల్లగా తరుగుతుంది. అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. అటువంటి మనిషి కాలు జారితే నిలదొక్కుకోలేడు. తుంటి ఎముక విరిగి మంచం పట్టినవారిలో చాలామంది మునుపటిలా నడవలేరు.

ఉదయమే ఎందుకు? రాత్రి ఎనిమిదికి భోంచేసినవారు తెల్లవారి ఎనిమిది వరకు పన్నెండు గంటలు ఉపవాసమున్నట్లే. ఆ వేళల్లో శరీరం కండరంలోని మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను, కొంత కరిగించి వాడుకుంటుంది. టీ, బిస్కట్లు ఆ లోటును పూడ్చలేవు. పైగా యువకుల కండరం కొద్దిపాటి మాంసకృత్తులకే స్పందిస్తుంది. వృద్ధుల కండరానికి పూటపూటకూ ఎక్కువ మోతాదు కావాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం వయోజనులకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై అయిదు దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని వృద్ధాప్య వైద్య నిపుణులు అంటున్నారు. అరవై కిలోల మనిషికి ఇది పూటకు ఇరవై గ్రాములకు పైమాటే. రెండు ఇడ్లీలలో ఉండేది నాలుగైదు గ్రాములు! మిగిలినది రాత్రి తినవచ్చు కదా అంటారా? ఆకలి మందగించిన వయసులో ఒక్క పూటలో అంత తినగలవారెందరు?

“ఇవన్నీ కలిగినవారి మాటలు” అని మరికొందరు అంటారు. కందులు, శనగలు, అలసందలు మన పొలాల్లో పండేవే కదా! వాటిని బజారుకు పంపి, కన్నతల్లికి బిస్కట్ ప్యాకెట్టు కొని తెస్తున్నాము. యాభై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో దాదాపు 12 గ్రాములు, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుశనగ గింజలలో 7 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. గుడ్డు తినేవారికి రెండు గుడ్లతో 12 గ్రాములు. ఉగ్గాని చేస్తే పుట్నాల పొడి ధారాళంగా వేయండి. పళ్లు లేనివారికి మెత్తగా ఉడికిన పప్పు, పాలు పోసిన సజ్జ జావ ఉన్నాయి.

రెండు హెచ్చరికలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉదయాహారం మానితే చక్కెర పడిపోయి కూలబడే ప్రమాదముంది.

తిండి ఒక్కటే చాలదు. కండరానికి పని కూడా చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం ఉదయం, సాయంత్రం చేయించండి. రేపు ఉదయం మీ ఇంటి పెద్దల పళ్లెంలోకి ఒకసారి చూడండి. వారి కాళ్ల బలం రేపటికి నిలుస్తుందో లేదో అక్కడే తెలుస్తుంది.