రూల్ ఒక్కసారే రాయండి!

జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ లాంటి చోట పోగయ్యే చెత్త ఒక్క రకం కాదు. చేపల వ్యర్థాలు, తెగిన వలలు, బోటు ఇంజిన్లలో వాడేసిన ఆయిల్... ఆ ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ షరతును ప్రతి ఎంట్రీలో విడివిడిగా రాస్తే, రూల్ మారిన రోజున ఎక్కడో ఒకచోట పాతదే మిగిలిపోతుంది. పేరు పెట్టి ఒకేచోట రాసి, అన్ని ఎంట్రీలకూ దాన్నే తగిలిస్తే ఒక్క మార్పుతో సరిపోతుంది. కానీ అక్కడ తప్పు దొర్లితే అన్నిచోట్లా తప్పే. అందుకే 89, 90, 91 రోజుల ఎంట్రీలతో ముందు టెస్ట్ చేయాలి.

కోడింగ్ ఒక్కటే వస్తే చాలదు ఫ్రెండ్స్! రూల్ చదివి, దాన్ని షరతుగా మలచడమే అసలు నైపుణ్యం. ఇంటర్వ్యూకి ముందే ఒకటి రాసి చూడండి.