తొలి అడుగు విలువ

తారతమ్య విచారం మానవ సహజం. సాహిత్యంలో కవులను, క్రీడారంగంలో క్రీడాకారులను వరుసగా నిలిపి ‘ఎవరు గొప్ప?’ అని చర్చించుకోవడం మనకు ఎంతో ప్రీతి. హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలలో బ్యాడ్మింటన్ ప్రస్తావన వస్తే చాలు, సైనా నెహ్వాల్, పి.వి. సింధులలో ఎవరు మిన్న అన్న వాదం మొదలవుతుంది. ఇద్దరూ పుల్లెల గోపీచంద్ వద్ద శిక్షణ పొందినవారే.

పతకాలే కొలమానమైతే సింధుదే అగ్రస్థానం. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం ఆమె సాధించింది. సైనాకు దక్కిన ఒలింపిక్ పతకం 2012 లండన్ కాంస్యం ఒక్కటే. అదీ ప్రత్యర్థి గాయపడి తప్పుకోవడం వల్ల లభించిందని కొందరు తేలిక చేస్తారు. పైగా ఆమె హర్యానాలోని హిసార్‌లో జన్మించిందనీ, మన క్రీడాకారిణి ఎలా అవుతుందనీ అడిగేవారూ ఉన్నారు.

ఈ రెండో ఆక్షేపణ నిలిచేది కాదు. తండ్రి ఉద్యోగ బదిలీతో బాల్యంలోనే హైదరాబాదుకు వచ్చిన ఆమె ఆట నేర్చింది ఇక్కడే. నలుదిక్కుల నుంచి వచ్చినవారి శ్రమతో ఎదిగిన సైబరాబాదులో జన్మస్థలాన్ని బట్టి మనిషిని వేరుచేయడం తగదు.

ఇక పతకాల మాట. 2000 నుంచి 2012 వరకు జరిగిన నాలుగు ఒలింపిక్స్‌లోనూ మహిళల సింగిల్స్ స్వర్ణం చైనాదే. ఆ ఆధిపత్యం కొనసాగుతున్న రోజులలోనే సైనా 2009లో ఇండోనేషియా ఓపెన్ గెలిచి, సూపర్ సిరీస్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో మన దేశానికి తొలి పతకం తెచ్చింది. 2015లో ప్రపంచ ప్రథమ ర్యాంకును అందుకుంది. గచ్చిబౌలి అకాడమీ ప్రారంభమైన 2008 నాటికే ఆమె అంతర్జాతీయ క్రీడాకారిణి.

అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ ఇటువంటి చర్చ ఉంది. సెర్బియాకు చెందిన నికోలా జోకిచ్ ఎన్.బి.ఎ.లో అత్యంత విలువైన ఆటగాడిగా 2021, 2022, 2024లలో మూడుసార్లు ఎంపికయ్యాడు. నైజీరియాలో పుట్టిన హకీమ్ ఒలాజువాన్‌కు ఆ గౌరవం 1994లో ఒక్కసారే దక్కింది. కాని అమెరికా వెలుపల పుట్టి దానిని పొందిన తొలి ఆటగాడు ఆయనే. లెక్కలో జోకిచ్ ముందుంటాడు. బాట వేసినవాడు మాత్రం ఒలాజువాన్.

మన సాహిత్యం ఈ సత్యాన్ని ఏనాడో గుర్తించింది. ఆంధ్రమహాభారతంలో తిక్కన రచించినవి 15 పర్వాలు. నన్నయ రచించినవి ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత భాగం మాత్రమే. అయినా ఆదికవి నన్నయే. అందువల్ల తిక్కన కీర్తికి లోటు రాలేదు.

కనుక నా దృష్టిలో ప్రథమస్థానం సైనాది. సింధు అంతకన్నా ఎత్తుకు ఎక్కింది, నిజమే. కాని ఎక్కగలమన్న నమ్మకం ఆమె తరానికి ముందుగా కలిగించింది సైనా. మీరు ఈ తీర్పుతో విభేదించవచ్చు. అయితే ఎవరినైనా తూచేటప్పుడు వారు చేరిన శిఖరంతో పాటు, బయలుదేరిన నాటికి అక్కడ దారి ఉన్నదో లేదో కూడా చూడండి.