తెలుగు పిల్లలకు ప్రసార భారతి బాకీ

2024 ఆగస్టు 8న అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ వెబ్‌సైట్ మూతపడింది. టీవీలో చూసిన పాత్రలతో పిల్లలు ఆటలాడుకున్న చోటు అది. 1998 నుంచి నడిచింది. ఆ రోజు తర్వాత ఆ చిరునామా కొట్టిన వాళ్లకు ఎదురైంది అదే యాజమాన్యం నడిపే, అప్పట్లో మాక్స్ అనే పేరున్న స్ట్రీమింగ్ సేవ పేజీ. అది కావాలంటే చందా కట్టాలి. పాత ఆటల్లో చాలావరకు 2020 చివర అడోబీ సంస్థ ఆ ఆటలను నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆపేసినప్పుడే పనిచేయడం మానేశాయి. మిగిలినవి కూడా ఇప్పుడు పోయాయి. వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ తీసుకున్న ఈ నిర్ణయంలో చట్ట విరుద్ధమైనది ఏదీ లేదు. సొంత దుకాణం మూసుకునే హక్కు ఏ కంపెనీకైనా ఉంటుంది. అందుకే పిల్లలకు నికరంగా ఒక చోటు ఉండాలనుకుంటే దాన్ని లాభనష్టాల లెక్కకు వదిలేయకూడదు.

ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రజా ప్రసార సంస్థ ప్రసార భారతి తెలుగులో పిల్లల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టాలి. అందులో ప్రకటనలు ఉండకూడదు. ఆడుకోవడానికి వచ్చిన పిల్లవాడి పేరు, ఫోన్ నంబరు అడగకూడదు. ఒక వీడియో అయిపోగానే మరొకటి దానంతటదే మొదలు కాకూడదు. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లయిన సప్తగిరి, యాదగిరిలలో పిల్లల కార్యక్రమాలు నడిపి, ఆ కార్యక్రమాల చుట్టూ ఈ సైట్‌ను అల్లాలి. ఈ పని ఎప్పుడో జరిగి ఉండాల్సింది.

ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలోని పీబీఎస్ కిడ్స్ ఏళ్లుగా చేస్తున్న పనే. పీబీఎస్ ప్రభుత్వ ఛానెల్ కాదు, వ్యాపార ఛానెల్ కూడా కాదు. దేశమంతటా ఉన్న మూడు వందలకు పైగా స్థానిక స్టేషన్ల కూటమి అది. ప్రజాధనం, విరాళాల మీద నడుస్తూ వచ్చింది. అక్కడ సైబర్‌చేజ్ అనే కార్యక్రమం 2002లో లెక్కలను సాహస కథలుగా మార్చింది. 2012లో వచ్చిన డేనియల్ టైగర్ కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో, కొత్త బడికి వెళ్లేటప్పుడు బెరుకు ఎలా పోగొట్టుకోవాలో మూడు నాలుగేళ్ల పిల్లలకు చెబుతుంది. ఈ పాత్రలన్నీ వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. పొద్దున టీవీలో చూసిన లెక్కను పిల్లవాడు సాయంత్రం ఆటలో తన చేత్తో చేసి చూసుకుంటాడు. ఆటకు లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. తల్లిదండ్రులకు, టీచర్లకు వేరే పేజీలు ఉంటాయి. ఇంట్లో ఏ ప్రశ్న అడగాలో, తరగతిలో ఆ ముక్కను ఎలా వాడాలో అక్కడ చూసుకోవచ్చు.

వీటిలో మనం ప్రత్యేకంగా గమనించాల్సింది 2019లో మొదలైన మాలీ ఆఫ్ డెనాలీ. అలాస్కా ఆదివాసీ బాలిక కథానాయికగా అమెరికా అంతటా ప్రసారమైన మొదటి పిల్లల ధారావాహిక ఇదే. తమ ఊరు, తమ తాతలు, తమ మాట తెర మీద కనిపించడం ఆ పిల్లలకు ఎంత ముఖ్యమో దాన్ని తయారుచేసిన వాళ్లు గుర్తించారు. ఉట్నూరు గోండు పిల్ల, శ్రీశైలం అడవిలోని చెంచు పిల్లవాడు తెర మీద తమలాంటి వాళ్లను చూసుకునే అవకాశం ఇక్కడ ఎవరిస్తారు? ప్రకటనల ఆదాయం కోసం నడిచే ఛానెల్‌కు అంత చిన్న ప్రేక్షక వర్గం లెక్కలోకి రాదు. ప్రజాధనంతో నడిచే సంస్థకు రావాలి.

బ్రిటన్‌లో బీబీసీ 2002లో ఆరేళ్లలోపు పిల్లల కోసం సీబీబీస్ ఛానెల్‌ను, దానికి తోడుగా వెబ్‌సైట్‌ను తెచ్చింది. 1998 నుంచే ఉన్న బైట్‌సైజ్ చదువు సైట్ 2021 జనవరిలో బళ్లు మూతపడినప్పుడు దేశానికి అక్కరకొచ్చింది. సీబీబీసీ ఛానెల్‌లో పాఠాలు, సైట్‌లో అభ్యాసాలు ఒకదానికొకటి తోడుగా నడిచాయి. ముందునుంచీ ఉన్న వ్యవస్థ కాబట్టి ఆపద వేళ వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు.

మన దగ్గర ఏం జరుగుతోంది? టీవీలో పిల్లల బొమ్మల కథ అయిపోగానే యూట్యూబ్ ఛానెల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోమంటారు. పిల్లవాడు అమ్మ ఫోన్ తీసి ఆ కథ వెతుకుతాడు. కథ దొరుకుతుంది. దాని పక్కనే ఇంకేం దొరుకుతుందో చెప్పడం ఛానెల్ చేతిలోనూ లేదు, తల్లి చేతిలోనూ లేదు. యూట్యూబ్‌లో పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించి, దాన్ని బట్టి ప్రకటనలు చూపారన్న అభియోగం మీద గూగుల్ 2019లో అమెరికాలో 17 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. డిస్నీ కూడా 2025లో కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. తాను యూట్యూబ్‌లో పెట్టిన కొన్ని వీడియోలను పిల్లల కోసం చేసినవిగా గుర్తు పెట్టలేదన్నది దాని మీది అభియోగం. పిల్లల వినోదంలో పేరు మోసిన సంస్థే ఈ చిక్కులో పడిందంటే, మిగతా ఛానెళ్ల మంచితనం మీద భారం వేసి ఊరుకోవడం తెలివైన పని కాదు.

ఈ విషయంలో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఒక చక్కటి నియమం ఉంది. 2004లో రూపొందించి, 2006లో సవరించారు. పన్నెండేళ్ల వరకు వయసున్న పిల్లల కార్యక్రమం నడిచేటప్పుడు తెర మీద ఒక వెబ్‌సైట్ చిరునామా చూపాలంటే ఆ సైట్ ఎలా ఉండాలో ఈ నియమం చెబుతుంది. అక్కడ కార్యక్రమానికి సంబంధించిన అసలు సరుకు తగినంత ఉండాలి. సైట్ ముఖ్య ఉద్దేశం అమ్మకం కాకూడదు. అమ్మకపు భాగం ఏదో, ఆటపాటల భాగం ఏదో మొదటి పేజీలోనే స్పష్టంగా విడదీసి చూపాలి. తెర మీద చూపిన చిరునామా ద్వారా పిల్లవాడు అడుగుపెట్టే పేజీలో ప్రకటన గానీ కొనుగోలు బటన్ గానీ ఉండకూడదు. కార్యక్రమంలోని పాత్రలతోనే సైట్‌లో వస్తువులు అమ్మిస్తే, ఆ కార్యక్రమం నడిచేటప్పుడు ఆ చిరునామా చూపనే కూడదు. చిన్నపిల్లలకు తమ ఇష్టమైన బొమ్మ చెప్పే కథకూ, అదే బొమ్మ చేసే బేరానికీ తేడా తెలియదన్న ఎరుక ఈ నియమం వెనుక ఉంది. చిరునామా చూపించిన వాడే ఆ చిరునామాలో పిల్లవాడికి దొరికే దానికి పూచీ పడాలన్నది దీని సారాంశం.

మన కేబుల్ టీవీ నిబంధనలు 1994 నాటివి. పిల్లల భద్రతకు ముప్పు తెచ్చే, వారిలో అనారోగ్యకరమైన అలవాట్ల మీద ఆసక్తి పెంచే ప్రకటనలు వేయకూడదని వాటిలో ఉంది. అది తెర మీది ప్రకటన గురించిన మాట. తెర నుంచి ఫోన్‌లోకి పిల్లవాడిని తీసుకెళ్లే దారి గురించి ఆలోచించే అవసరం అప్పటికి లేదు. ఇప్పుడు ఉంది. కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆ నిబంధనల్లో ఒక క్లాజు చేర్చాలి. పిల్లల కార్యక్రమంలో చూపే ప్రతి చిరునామాకు, ప్రతి క్యూఆర్ కోడ్‌కు అమెరికా నియమంలో ఉన్నంత బాధ్యతైనా ఛానెల్ మీద పెట్టాలి.

నియమం ఒక్కటే సరిపోదు. చెడు చోటికి వెళ్లొద్దని చెప్పాక, వెళ్లదగిన మంచి చోటు చూపాలి. అది ప్రసార భారతి పని అని మేం అంటున్నది ఊరికే కాదు. 1990లో పార్లమెంటు ఆమోదించి, 1997లో అమల్లోకి వచ్చిన ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్‌లో ఈ సంస్థ చేయవలసిన పనులు రాసి ఉన్నాయి. పిల్లల ప్రయోజనాలను కాపాడేందుకు ప్రత్యేక చర్యలు తీసుకోవడం వాటిలో ఒకటి. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటివ్వడం మరొకటి. ఈ రెండూ కలిసే చోట తెలుగు పిల్లవాడు ఉన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. వాళ్ల పిల్లల కోసం ఇంతవరకూ ఏం చేశారని అడిగే హక్కు మనకుంది.

పైగా ఇది ఆకాశవాణికి, దూరదర్శన్‌కు చేతకాని పనేం కాదు. స్వాతంత్ర్యానికి ముందే మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లల కార్యక్రమాలు నడిపారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అన్న పేర్లు ఇంటింటికీ తెలిసినవయ్యాయి. వాళ్లు కార్యక్రమంతో ఆగలేదు. బాలానంద సంఘాలు పెట్టించారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. రేడియోలో విన్నది పత్రికలో చదువుకుని, సంఘంలో ఆడి పాడుకునే ఏర్పాటు అది. ప్రసారాన్ని దాని బయట మరో చోటుతో ముడివేయాలన్న ఆలోచన మన దగ్గర అప్పుడే ఉంది. ఆ తర్వాత 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఇంట్లో టీవీ అంటే ఎరగని పల్లెలకు ఆనాడు ఆ సేవ వెళ్లింది. ఫోన్ లేని ఇల్లు అరుదైన ఈ రోజుల్లో వెళ్లలేకపోవడానికి కారణం ఏమిటి?

డబ్బే కారణమంటే మేం ఒప్పుకోం. ప్రసార భారతి మౌలిక వసతుల కోసం 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 2,539 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ట్రాన్స్‌మిటర్లు, స్టూడియో పరికరాలు, మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు ఎనిమిది లక్షలకు పైగా ఉచిత సెట్‌టాప్ బాక్సులు అందులో ఉన్నాయి. పెట్టె ఇచ్చిన చేత్తోనే అందులో పిల్లలు చూడదగింది కూడా ఇవ్వాలి. 2024 నవంబరులో వేవ్స్ పేరుతో ప్రసార భారతి సొంత ఓటీటీ తెచ్చింది. మంచి ప్రయత్నమే. అయితే సినిమాలు, వార్తలు, ఆటలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు అన్నీ ఒకేచోట పెట్టిన యాప్ ఆరేళ్ల పిల్లకు తగిన చోటు కాదు. పిల్లలది వేరే గుమ్మం కావాలి, అందులో కొట్టు ఉండకూడదు.

మనుషులు లేరన్న మాట కూడా నిలవదు. 2008లో పోగో ఛానెల్‌లో మొదలై దేశమంతా చూసిన ఛోటా భీమ్‌ను తయారుచేసింది హైదరాబాద్ స్టూడియోనే. బొమ్మలు గీసేవాళ్లకు, ఆటలు రూపొందించేవాళ్లకు ఈ నగరంలో కొదవ లేదు. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో తెలంగాణ బడి పిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్లు ఉన్నారు. అప్పటి పాఠాలను ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఒక ఆట కలిపినా పని మొదలవుతుంది. ఈ సైట్ అవసరం ఇక్కడి పిల్లలకే కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల కోసం పీబీఎస్ కిడ్స్‌కు వెళ్తారు. తెలుగు వినాలంటే, ఒత్తులు దిద్దుకోవాలంటే వాళ్లకూ ఇలాంటి సైటే దిక్కు.

పిల్లలకు ఫోన్ ఇవ్వకుండా ఉండటమే మందు అని, అది తల్లిదండ్రుల బాధ్యత అని వాదించేవాళ్లున్నారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేం ఆ మాటను పూర్తిగా ఒప్పుకుంటాం. కానీ పొద్దున కూలికి పోయి పొద్దుగూకాక వచ్చే తల్లి, రాత్రి డ్యూటీ చేసే తండ్రి ఆ గంటను ఎలా కాపలా కాస్తారు? ఆ గంట అయ్యాక తనంతట తాను ఆగి, ఇక బయటికి వెళ్లి ఆడుకోమని చెప్పే సైట్ వాళ్లకు సాయం చేస్తుంది. కళ్లు తిప్పుకోనివ్వకుండా కూర్చోబెట్టడమే ఆదాయమైన వేదిక ఆ పని చేయదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అమెరికా పార్లమెంటు 2025 జులైలో ప్రజా ప్రసారాలకు ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. పీబీఎస్‌కు ఆ డబ్బు చేరవేసిన కార్పొరేషన్ తన పని ముగిస్తున్నట్లు ఆగస్టులో ప్రకటించింది. పిల్లల కార్యక్రమాలకు అక్కడి విద్యాశాఖ ఇచ్చే గ్రాంటును అంతకుముందు మే నెలలోనే ఆపేశారు. దశాబ్దాలుగా నిలిచిన వ్యవస్థను ఒక్క వేసవిలో కుదిపేయగలిగారు. కాబట్టి మన పిల్లల సైట్‌కు ఏటేటా అధికారుల దయ మీద ఆధారపడే గ్రాంటు వద్దు. ప్రసార భారతి పద్దులో దానికంటూ వేరే ఖాతా ఉండాలి, ఆ డబ్బును మరో పనికి మళ్లించడానికి వీల్లేకుండా చూడాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల కదలికలను వెంటాడటాన్ని, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని నిషేధించింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన నిబంధనల అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. అప్పటికి ప్రైవేటు ఛానెళ్లు తమ సైట్లను, యాప్‌లను సరిచేసుకోవాలి. ప్రసార భారతి తెలుగు పిల్లల సైట్ కూడా అదే గడువులోగా తెరుచుకోవాలి. ముందుగా ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలతో మొదలుపెట్టినా చాలు. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలకు కలిపి ఒకే బృందాన్ని వేయాలి. అందులో ఒకటో తరగతి చెప్పిన టీచర్లు, గోండి, కోయ మాట్లాడేవాళ్లు తప్పక ఉండాలి. రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలను పక్కనపెట్టి రాబోయే పార్లమెంటు సమావేశాల్లో సమాచార ప్రసార మంత్రిని ఈ విషయం మీద నిలదీయాలి, రాతపూర్వకంగా తేదీ చెప్పించాలి.